రెండో బండి లేకుండా రోడ్డు దిగొద్దు తమ్ముడూ

ప్రశ్న: అన్నా, మాది హన్మకొండ. నలుగురం దోస్తులం. డిసెంబర్ 26న బయల్దేరి జైసల్మేర్ పోయి, జనవరి 2 కల్లా తిరిగి రావాలని ప్లాన్ వేసుకున్నాం. మా దగ్గర ఒక థార్ ఉంది, ఫోర్ బై ఫోర్ కాదు, వెనక చక్రాలు తిరిగే మోడల్. టూరిస్టులు తిరిగే చోట కాకుండా, ఫోన్‌లో మ్యాప్ పెట్టుకుని ఇసుక దారుల్లో లోపలికి పోయి, మూడు రాత్రులు మేమే టెంట్లు వేసుకుని ఉందామని ఆశ. ఏమేం కొనాలి, టైర్లు మార్చాలా, చలికి ఏం చేయాలి? మా అమ్మ మాత్రం ఒకటే టెన్షన్ పడుతోంది. ఆమెకు ఏం చెప్పాలో కూడా చెప్పు.

జవాబు: తమ్ముడూ, ఏం కొనాలో తర్వాత చెబుతాను. ముందు నీ ఉత్తరంలో నన్ను ఆపేసిన మాట ఒకటుంది, "ఒక థార్ ఉంది" అన్నావు చూడు, అది. ఒక్క బండితో ఎడారిలో రోడ్డు దిగొద్దు. టెంట్ చవకది కొనుక్కో, టైర్లు ఉన్నవే ఉంచుకో, తిండి దగ్గర సర్దుకో, ఏమీ కాదు. దీంట్లో మాత్రం సర్దుకోవడానికి లేదు. రెండో బండి ఉండాలి, అది కుదరకపోతే ఆ ప్రాంతం మనిషి తన బండితో మీ వెంట ఉండాలి. ఇంత గట్టిగా ఎందుకంటున్నానో నాకు జరిగింది చెబుతా.

ఏడేళ్ల కింద జనవరిలో మేం ముగ్గురం ఒకటే బండిలో పోయాం. జైసల్మేర్ నుంచి రామ్‌గఢ్ పోయే దారిలో తారు రోడ్డు వదిలేసి, ఎవరివో జీపులు తిరిగిన చాళ్లు పట్టుకుని నాలుగు కిలోమీటర్లు లోపలికి పోయాం. సాయంత్రం నాలుగున్నర అయింది. ముందు ఒక చిన్న తిన్నె, మనిషి ఎత్తుకు రెండింతలు ఉంటుందేమో. ఎక్కుతుందిలే అనుకున్నా. సగానికి వచ్చాక బండి బరువెక్కినట్టయింది, నేను యాక్సిలరేటర్ తొక్కాను. వరి మడిలో దమ్ము చేసేటప్పుడు ట్రాక్టర్ దిగబడితే ఊరికే రేజ్ చేయొద్దని మా నాయన వందసార్లు చెప్పగా విన్నవాణ్ణే, అయినా ఆ క్షణంలో కాలు ఆగలేదు. చక్రం తిరిగినంతసేపు తన గుంత తానే తవ్వుకుంది. దిగి చూస్తే బండి పొట్ట ఇసుకకు ఆనింది, చక్రాలకు కింద పట్టే లేదు.

మా దగ్గర పార లేదు. అన్నం తినే స్టీలు ప్లేట్లతో తవ్వడం మొదలుపెట్టాం. ఒక ప్లేటెడు తీస్తే పక్క నుంచి ప్లేటున్నర జారి వచ్చి పడేది. ఎండలో తవ్వి తవ్వి చొక్కాలు తడిసిపోయాయి, పొద్దు గుంకిన అరగంటకు ఆ తడే వీపు మీద ఐసు ముక్క పెట్టినట్టు తగిలింది. ఫోన్‌లో సిగ్నల్ ఒక్క గీత కూడా లేదు. చివరికి దూరంగా కనిపించిన ఒక దీపం వైపు మాలో ఒకడు నడుచుకుంటూ పోయాడు, అది కూడా తప్పే, చీకట్లో ఒంటరిగా మనిషిని పంపకూడదు. అదృష్టం బాగుండి అది ఒక ఢాణీ, అంటే పొలాల మధ్య నాలుగైదు ఇళ్లు ఉండే చిన్న పల్లె. రాత్రి తొమ్మిదిన్నరకు ఒకాయన ట్రాక్టర్ వేసుకుని వచ్చాడు. వచ్చీ రాగానే తాడు కట్టలేదు. ఒక పుల్ల తీసుకుని మా బండి నాలుగు టైర్ల గాలి సగానికి తీసేశాడు, చక్రాల ముందు చేతులతో ఇసుక లాగి వాలు చేశాడు, అప్పుడు తాడు కట్టి మెల్లగా లాగితే బండి చెప్పినట్టు బయటికి వచ్చింది. డీజిల్ ఖర్చు మాత్రం తీసుకుని, ఇంటికి తీసుకుపోయి చాయ్ పోయించాడు. ఆ దీపం వెలగకపోయి ఉంటే ఆ రాత్రి ఏమయ్యేదో ఇప్పటికీ తలుచుకోవాలంటే ఇష్టం ఉండదు.

ఇక నీ తేదీలు చూద్దాం. మన దగ్గర నుంచి కరీంనగర్, నిజామాబాద్, నాందేడ్ మీదుగా గుజరాత్ దాటి పోయినా, ఇంకో దారిలో పోయినా జైసల్మేర్ సుమారు 1,800 కిలోమీటర్లు. రోజుకు 600 చొప్పున నడిపినా పోను మూడు రోజులు, రాను మూడు రోజులు. 26 నుంచి 2 వరకు నీకు ఉన్నవి ఎనిమిది రోజులు. మిగిలేది రెండు రోజులు, అందులో మూడు రాత్రుల క్యాంపింగ్ ఎక్కడ పడుతుంది? పట్టించాలని చూస్తే రాత్రుళ్లు నడుపుతారు. రాజస్థాన్ రోడ్ల మీద శీతాకాలం రాత్రి డ్రైవింగ్ వద్దే వద్దు, కొన్నిచోట్ల పొగమంచు, దానికి తోడు ఆవులు, ఒంటెలు రోడ్డు మధ్యలో నిలబడి ఉంటాయి. ఒంటెను గుద్దితే దాని కాళ్లకే బంపర్ తగులుతుంది, ఒళ్లంతా వచ్చి అద్దం మీద పడుతుంది. పైగా కొత్త సంవత్సరం వారం జైసల్మేర్‌లో హోటల్ గది దొరకడమే కష్టం, గైడ్లందరూ అప్పటికే బుక్ అయిపోయి ఉంటారు.

సంక్రాంతి అయ్యాక పెట్టుకోండి, కనీసం పది రోజులు సెలవు తీసుకుని. లేదంటే బండి ఇక్కడే వదిలేయండి. కాచిగూడ నుంచి జోధ్‌పూర్ పక్కనున్న భగత్ కీ కోఠీకి రైలుంది. అక్కడ దిగి, డ్రైవర్‌తో సహా ఫోర్ బై ఫోర్ మాట్లాడుకోండి. సొంత బండి మీద పోతేనే మజా అని నీకు అనిపిస్తుంది, నాకు తెలుసు, కానీ ఆరు రోజులు హైవే మీద గడిపి రెండు రోజులు ఇసుకలో ఉండటం కంటే ఇదే నయమని నా అభిప్రాయం.

నీ బండి సంగతి. వెనక చక్రాల థార్ రోడ్డు మీద, మట్టి బాటల్లో బాగుంటుంది, గట్టిపడిన ఇసుక దారిలో టైర్ల గాలి తగ్గించుకుని జాగ్రత్తగా పోతే పోతుంది కూడా. తిన్నెలు ఎక్కడానికి మాత్రం అది పనికిరాదు. మెత్తటి ఇసుకలో ముందు చక్రాలకు పవర్ లేకపోతే అవి ఇసుకను తోసుకుంటూ నాగలిలా దిగుతాయి. ఎడారి పేరు పెట్టుకున్న బండి కదా అని దాని మీద భారం వేయొద్దు.

ఎక్కడికి పోవాలనేది అన్నింటికంటే పెద్ద విషయం, నువ్వు దాని గురించి అసలు అడగలేదు. మ్యాప్‌లో ఖాళీగా కనిపించిందంటే అది ఎవరిదీ కాదని కాదు. జైసల్మేర్ జిల్లాకు పడమటంతా పాకిస్తాన్ సరిహద్దు, అటు వైపు చాలా ప్రాంతంలో బయటివాళ్లు తిరగాలంటే జిల్లా అధికారుల అనుమతి కావాలి. తారు రోడ్డు మీద తనోట్ మాత గుడికి, 1971 డిసెంబర్‌లో యుద్ధం జరిగిన లోంగేవాలాకు అందరూ పోయి వస్తారు, గుడి జైసల్మేర్‌కు 120 కిలోమీటర్లు. ఆ రోడ్డు దిగి ఇసుకలోకి పోయారంటే మాత్రం బీఎస్ఎఫ్ వాళ్లు ఆపుతారు, ఆపాలి కూడా. పోఖ్రాన్ దగ్గర సైన్యం ఫైరింగ్ రేంజి ఉంది, ఆ చుట్టుపక్కల ఇసుకలో ఏ ఇనుప తునక కనిపించినా ముట్టుకోవద్దు. సిగ్నల్ ఉండదని ఎవరైనా శాటిలైట్ ఫోన్ గానీ, శాటిలైట్‌తో మెసేజ్ పంపే చిన్న పరికరం గానీ తెస్తానంటే వద్దని చెప్పు, మన దేశంలో ప్రభుత్వ అనుమతి లేకుండా అవి వాడటం నేరం. డ్రోన్ కూడా ఇంట్లోనే పెట్టండి.

ఇంకోటి, జైసల్మేర్ దగ్గర టూరిస్టులు పోయే సమ్, ఖురీ తిన్నెల చుట్టుపక్కల చాలా భూమి డెజర్ట్ నేషనల్ పార్క్ కిందికి వస్తుంది, మొత్తం 3,162 చదరపు కిలోమీటర్లు. బట్టమేక పిట్ట ఇంకా బతికి ఉన్న ప్రధానమైన చోటు అదే. ఒకప్పుడు మన తెలుగు నేలన కర్నూలు వైపు రోళ్లపాడులో కూడా ఉండేది. దేశం మొత్తంలో ఇప్పుడు ఆ పిట్టలు 200 కూడా లేవు. అది గూడు కట్టదు, ఉత్త నేల మీద ఒకటే గుడ్డు పెడుతుంది. దారి కాని దారిలో మన చక్రం ఎక్కడ పడుతుందో మనకేం తెలుసు? అందుకని పార్కు హద్దుల్లో రోడ్డు దిగే ఆలోచనే వద్దు.

దారి అనుకుని పొలాల్లోకి పోయే ప్రమాదం కూడా ఉంది. అక్కడ ఖడీన్ అని ఉంటాయి, వాలు నేలకు అడ్డంగా పొడుగాటి కట్ట కట్టి వాన నీళ్లు ఆపి, ఆ నీళ్లు ఇంకిన తడి మీదే శీతాకాలంలో గోధుమ, శనగ పండిస్తారు. కొన్ని వందల ఏళ్ల కింద పాలీవాల్ బ్రాహ్మణులు పెంచిన పద్ధతి. పాకాల, రామప్ప చెరువుల నీళ్లు తాగి పెరిగిన మనకు ఒక కట్ట విలువ ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ కట్టల మీదికి, ఆ మడుల్లోకి బండి ఎక్కించకండి.

మొదటిసారి కాబట్టి నా మాట వింటే జైసల్మేర్ కాకుండా ఓసియాన్ పోండి. జోధ్‌పూర్‌కు 65 కిలోమీటర్లు, ఇసుక తిన్నెలు ఉన్నాయి, పాత గుళ్లు ఉన్నాయి, సరిహద్దు గొడవ లేదు. జైసల్మేరే కావాలంటే ఊళ్లో నమ్మకమైన గైడ్‌ను పట్టుకుని, ఎక్కడ దిగొచ్చో ఎక్కడ దిగొద్దో అతనికే వదిలేయండి. ఎవరి భూమిలో టెంట్ వేస్తున్నారో వాళ్లను అడిగి వేయండి.

టైర్లు మార్చాలా అన్నావు. మార్చనక్కరలేదు, గాలి తగ్గించడం నేర్చుకుంటే చాలు. పంక్చర్ షాపులో మనం ముప్పైయో ముప్పై రెండో కొట్టించుకుంటాం కదా, ఇసుకలోకి దిగే ముందు దాన్ని 18కి తీసుకురావాలి. ఇంకా మెత్తగా ఉంటే 15. అంతకంటే దిగితే మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడొచ్చే ప్రమాదం ఉంది. గాలి తీస్తే టైరు వెడల్పు కావడం కంటే పొడుగ్గా పరుచుకుంటుంది, ఒంటె పాదం చూడు, అడుగు వేసినప్పుడు ఎలా పరుచుకుంటుందో, అట్లా బరువు ఎక్కువ జాగా మీద పడుతుంది. మళ్లీ తారు రోడ్డు ఎక్కేముందు నాలుగింటికీ గాలి నింపాలి, మెత్తటి టైర్లతో స్పీడుగా పోతే వేడెక్కి పగులుతాయి. అందుకే ముందు కొనాల్సింది మంచి గేజీ ఒకటి, బ్యాటరీకి తగిలించే కంప్రెసర్ ఒకటి. సిగరెట్ లైటర్ సాకెట్‌కు పెట్టే చిన్నవి నాలుగు టైర్లు నింపేసరికి కాలిపోవడం నా కళ్లతో చూశాను.

నడపడం గురించి ఎంత రాసినా చేతికి వచ్చేదాకా రాదు, అయినా కొన్ని చెబుతా. ఇసుకలో బ్రేకు తొక్కొద్దు, తొక్కితే చక్రం ముందు ఇసుక కుప్ప పడుతుంది, మళ్లీ కదలడానికి ఆ కుప్పే అడ్డం. యాక్సిలరేటర్ మీద కాలు తీసేస్తే బండి దానంతట అదే ఆగుతుంది. ఆపేటప్పుడు ముక్కు పల్లం వైపు ఉండేలా ఆపాలి. చక్రం జారితే పవర్ తగ్గించే ట్రాక్షన్ కంట్రోల్ ఆఫ్ చేయాలి, లేకపోతే సరిగ్గా ఊపు కావాల్సిన చోట ఇంజన్ను అదే పట్టుకుంటుంది. తిన్నె ఎక్కినా దిగినా నిలువుగానే, అడ్డంగా పోతే దొర్లుతుంది. అక్కడ గాలి ఎక్కువగా నైరుతి నుంచి కొడుతుంది కాబట్టి తిన్నెకు ఆ వైపు వాలు నిదానంగా ఉంటుంది, శిఖరం దాటగానే అవతల ఒక్కసారిగా కిందికి జారుతుంది. బండిలో కూర్చుంటే అది కనపడదు, బానెట్, ఆకాశం తప్ప. శిఖరం దగ్గరికి రాకముందే ఆగి, దిగి, నడిచి పోయి చూసి రావాలి. ఆ నడక బద్ధకించినవాళ్లే బోల్తా పడేది. పొద్దున మంచు తడికి ఇసుక గట్టిగా ఉంటుంది, మధ్యాహ్నానికి వదులవుతుంది, కాబట్టి కష్టమైన దారులన్నీ పొద్దున పూటే.

బండి ఆగిపోయిందా, చక్రం ఒక్క చుట్టు ఖాళీగా తిరిగిందా, అక్కడితో ఆపేయ్. దిగు. గాలి ఇంకో రెండు మూడు తగ్గించు, చక్రాల ముందూ వెనకా తవ్వు, వచ్చిన చాళ్లలోనే వెనక్కి తీయి. పదిసార్లలో ఎనిమిదిసార్లు దీంతోనే వస్తుంది. దీనికి కావాల్సింది పొడుగు కర్ర ఉన్న పార, చక్రాల కింద పట్టు కోసం పెట్టే రెండు ట్రాక్షన్ బోర్డులు. జాకీ కింద పెట్టడానికి అడుగున్నర ప్లైవుడ్ ముక్క తప్పకుండా పెట్టుకోండి, లేకపోతే బండి పైకి లేవదు, జాకీయే ఇసుకలోకి పోతుంది.

తాడు విషయంలో ఒక్కటి మాత్రం ప్రాణం మీదికొచ్చే సంగతి. సాగే తాడుతో లాగేటప్పుడు ఛాసిస్‌కు గట్టిగా బిగించిన రికవరీ పాయింట్‌కు మాత్రమే తగిలించాలి, ట్రెయిలర్ తగిలించే గుండు ఉంటుంది చూడు, దానికి కట్టకూడదు. అది విరిగిందంటే తుపాకీ గుండులా వస్తుంది, మనుషులు చనిపోయారు దాంతో. లాగుతున్నంతసేపు తాడు మీద ఒక బరువైన దుప్పటి వేయండి, మిగతావాళ్లు తాడు పొడుగుకు రెండింతల దూరం నిలబడండి.

చలి. మన దగ్గర సిర్పూర్ (యు)లో, తిర్యాణిలో ఆరేడు డిగ్రీలకు పడిపోయే రాత్రులు ఉంటాయని పేపర్లో చదువుతూనే ఉంటావు. జైసల్మేర్‌లో జనవరి రాత్రి దాదాపు అంతే, ఒక్కోసారి ఇంకా కిందికి పోతుంది. తేడా ఏంటంటే నువ్వు గోడల మధ్య ఉండవు, గాలి కొడుతూ ఉంటుంది, పగలు ఇరవై రెండు ఇరవై మూడు డిగ్రీల ఎండలో టీషర్ట్ మీద తిరిగి రాత్రికి అందులో పడతావు. చలి పై నుంచి వస్తుందనుకుని అందరూ కప్పుకునే వాటి మీద డబ్బులు పెడతారు, అసలు చలి కింది నుంచి వస్తుంది. ఇసుక ఒంటి వేడిని లాగేస్తుంది.

మేడారం జాతరకు ఎడ్లబండ్ల మీద, ట్రాక్టర్ల మీద పోయి చెట్ల కింద పడుకున్న మన పెద్దవాళ్లను అడుగు, ముందు గడ్డి పరిచి, దాని మీద గొంగడి వేసి, అప్పుడు బొంత కప్పుకునేవాళ్లు. అదే లెక్క. కింద ఫోమ్ మ్యాట్, దాని మీద గొంగడి, ఆపైన స్లీపింగ్ బ్యాగ్. బ్యాగ్ కొనేటప్పుడు దాని మీద రెండు మూడు ఉష్ణోగ్రతలు రాసి ఉంటాయి, "కంఫర్ట్" అన్న అంకె ఒక్కటే చూడు, అది సున్నా దగ్గర ఉండాలి. "ఎక్స్‌ట్రీమ్" అని రాసింది చచ్చిపోకుండా ఉండే అంకె, నిద్రపోయే అంకె కాదు. గొంగడి మాత్రం మన కురుమలు నేసిన అసలు ఉన్నిదే తీసుకుపో. నా దగ్గర మా తాత వాడిన నల్ల గొంగడి ఉంది, పొద్దున లేచేసరికి టెంట్ గుడ్డంతా లోపలి నుంచి చెమ్మ పట్టి బొట్లు కారుతుంటే దాని మీద పడిన బొట్టు పూసలా నిలబడుతుంది, దులిపితే పోతుంది. పడుకునే ముందు పగటి బట్టలన్నీ మార్చేయాలి, చెమట బనీను మీద ఇంకో స్వెట్టర్ వేసుకుని పడుకుంటే రాత్రంతా వణుకుడే. టెంట్ తిన్నె అడుగున వేయొద్దు, చల్లగాలి కిందికి జారి అక్కడే నిలుస్తుంది. శిఖరం మీద వేస్తే గాలి. మధ్యలో, గాలికి చాటుగా, పై నుంచి ఎవరి జీపూ దూకని చోటు చూసుకోండి.

ఇప్పుడు చెప్పేది దోస్తులందరికీ చదివి వినిపించు. టెంట్లోకి కుంపటి తేవొద్దు. బొగ్గులు ఆరిపోయినట్టే ఉన్నాయి కదా అని కూడా తేవొద్దు. దాంట్లోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మగత కమ్ముతుంది, లేవరు. ప్రతి చలికాలం మన పేపర్లలోనే వస్తుంటాయి, తలుపులు మూసుకుని కుంపటి పెట్టుకుని పడుకున్న కుటుంబాల వార్తలు. బండి ఇంజన్ ఆన్ చేసి హీటర్ పెట్టుకుని పడుకోవడం కూడా అంతే, సైలెన్సర్ ఇసుకలో కూరుకుపోయి ఉంటే మరీను. మందు సంగతి కూడా చెబుతున్నా, నలుగురు కుర్రాళ్లు పోతున్నారు కాబట్టి. తాగితే ఒళ్లు వెచ్చగా అనిపిస్తుంది, నిజానికి లోపలి వేడి చర్మం మీదికి వచ్చి బయటికి పోతుంది. ఎడారిలో ఉన్న రాత్రుళ్లు మానేయండి.

చలిమంట వేసుకోవచ్చా అంటే, కట్టెలు జైసల్మేర్‌లో కొనుక్కుని పోతే వేసుకోండి. అక్కడి చెట్టు మీద చెయ్యి వేయొద్దు. ఆ ఎడారిలో కనపడే ఖేజ్రీ చెట్టు ఏంటో తెలుసా? మన జమ్మి. దసరా నాడు ఆకు చేతిలో పెట్టి అలయ్ బలయ్ చేసుకుంటామే, అదే. తెలంగాణ రాష్ట్ర వృక్షం అదే, రాజస్థాన్ రాష్ట్ర వృక్షమూ అదే. 1730లో జోధ్‌పూర్ దగ్గర ఖేజర్లీ ఊళ్లో రాజు మనుషులు ఆ చెట్లు నరకడానికి వస్తే అమృతాదేవి అనే ఆమె చెట్టును వాటేసుకుని ప్రాణం ఇచ్చింది, ఆమెతో కలిపి, చెట్లను, జంతువులను కాపాడటమే ధర్మంగా బతికే బిష్ణోయీలు మొత్తం 363 మంది చనిపోయారు. నేను మొదటిసారి దాని కింద నిలబడి ఆకు తుంపి చూసి, ఇది జమ్మి కదా అని గుర్తుపట్టినప్పుడు, ఇంటికి అంత దూరంలో ఉన్నానన్న భావనే పోయింది. ఎండు కొమ్మ కింద పడి ఉన్నా వదిలేయండి, అది ఎవరి పొయ్యిలోకో పోయేది. ఊరి దేవుడి పేరు మీద వదిలిన ఓరణ్ భూములు కూడా ఉంటాయి, వాటిలో పుల్ల కూడా తీయరు.

తిండికి పెద్దగా ఆలోచించక్కరలేదు. సంక్రాంతి అయ్యాక పోతారు కాబట్టి అమ్మ చేసిన సకినాలు డబ్బా నిండా ఉండనే ఉంటాయి, అటుకులు, పల్లీలు, బియ్యం, పప్పు చాలు. పొయ్యికి మాత్రం చిన్న బ్యూటేన్ డబ్బాలను నమ్ముకోకండి, ఆ గ్యాస్ సున్నా దగ్గర ఆవిరి కావడమే మానేస్తుంది, పొద్దున చలిలో మంట రాదు. డబ్బాను రాత్రి స్లీపింగ్ బ్యాగ్‌లో పెట్టుకుంటే పనిచేస్తుంది, లేదా ప్రొపేన్ కలిసినది కొనండి. నీళ్లు మనిషికి రోజుకు ఐదు లీటర్లు, నలుగురికి మూడు రోజులకు అరవై, ఇంకో ఇరవై ముట్టుకోకుండా పక్కన. అన్నీ ఒకే క్యాన్‌లో పోయొద్దు, అది పగిలితే అంతే. చలిలో దాహం తెలియదు, అయినా తాగాలి. డీజిల్ ఇసుకలో రోడ్డు మీద కంటే రెండింతలు తాగుతుందని లెక్క వేసుకుని, ట్యాంక్ సగానికి రాగానే వెనక్కి తిరగండి. పొద్దున బూట్లు దులిపి తొడుక్కోండి, తేళ్లు ఉంటాయి.

డిసెంబర్ చివర, జనవరిలో అక్కడ ఏడుంబావు దాటాక గానీ పొద్దు పొడవదు, మనకంటే అంత పడమర. సాయంత్రం ఆరు, ఆరున్నర మధ్య గుంకుతుంది. నాలుగింటికల్లా బండ్లు ఆపేసి టెంట్ వేసుకోవాలి. నాలుగున్నరకు తిన్నె ఎక్కబోయి నాకేమైందో చదివావు.

వీటన్నింటికంటే ముందు ఒక పని చేయండి. పోయే ముందు ఇక్కడే ఒక రాత్రి పడుకోండి. అడవిలోకి కాదు, ఏటూరునాగారం, పాకాల అభయారణ్యాల్లో టెంట్ వేయడానికి వీల్లేదు. మీ నలుగురిలో ఎవరికో ఒకరికి ఊళ్లో చెలకో మామిడి తోటో ఉంటుంది కదా, అక్కడ. చలి బాగా ఉన్న రోజు చూసుకుని, కొన్న సామాన్లన్నీ వాడి, చీకట్లో టెంట్ వేసి, చీకట్లో విప్పండి. ఊరి వాగులో ఎండిన ఇసుక ఉంటే, ఒడ్డున తెలిసినవాళ్ల ట్రాక్టర్ నిలబెట్టుకుని, నీళ్లు లేని గట్టి చోటు చూసుకుని, టైర్లకు గాలి తీసి పది గజాలు నడిపి చూడండి, మళ్లీ కంప్రెసర్‌తో నింపడానికి ఎంతసేపు పడుతుందో టైం చూసుకోండి. కావాలని దిగబడేలా చేసి, మీరే తవ్వి తీయండి. ఆ ఒక్క రోజులో మీ నలుగురిలో ఎవరు ఓపికపడతారు, ఎవరు చిరాకుపడతారు అన్నది కూడా తెలిసిపోతుంది. చిరాకుపడేవాడికి స్టీరింగ్ ఇవ్వకండి.

అమ్మ సంగతి. ఆమెకు ధైర్యం చెప్పకు, కాగితం రాసివ్వు. ఏ రోజు ఎక్కడుంటారు, రాత్రి టెంట్ ఏ ఊరి దగ్గర, రెండు బండ్ల నంబర్లు, గైడ్ ఫోన్ నంబర్, మీరు దిగే హోటల్ నంబర్, దగ్గరి పోలీస్ స్టేషన్ నంబర్, అన్నీ తెలుగులో పెద్ద అక్షరాలతో. దాని కింద ఇంకో మాట రాయి: ఇసుకలో ఉన్న రోజుల్లో ఫోన్ రాదు, ఫలానా రోజు సాయంత్రం ఆరింటికి రోడ్డు ఎక్కి ఫోన్ చేస్తాను, రాత్రి ఎనిమిదయినా రాకపోతే ముందు గైడ్ ఇంటికి, ఆ తర్వాత పోలీస్ స్టేషన్‌కు చేయించు అని. హిందీ మాట్లాడగల బాబాయో మామయ్యో ఎవరైనా ఉంటే ఆయనకు కూడా ఒక కాపీ ఇవ్వు, 112కి ఇక్కడి నుంచి కొడితే కాల్ ఇక్కడికే పోతుంది కాబట్టి అక్కడి స్టేషన్ నంబర్ ముందే తీసుకుని రాయాలి. ఆ తర్వాత నువ్వు ఆరింటికి చేస్తానంటే ఆరింటికి చేయాలి. సూర్యాస్తమయం బాగుందని ఇంకో గంట ఉన్నామంటే కుదరదు, ఇక్కడ హన్మకొండలో ఒకామె గడియారం చూస్తూ కూర్చుని ఉంటుంది.

రెండో బండి ఎవరిదో ఖాయమయ్యాక, అది ఫోర్ బై ఫోర్ అవునో కాదో చూసుకుని మళ్లీ రాయి. అప్పుడు దారి గురించి మాట్లాడుకుందాం.